అంగుళం పైపులు మూడు

(ఒక పాలిటెక్నిక్‌లో డిప్లొమా విద్యార్థులకూ, ఊళ్లోని వడ్రంగి పనివాళ్లకూ కలిపి చేసిన ప్రసంగం)

ఈ మూడు పైపు ముక్కలూ ముందు వరస నుంచి వెనక్కి ఒకసారి అందరి చేతుల్లోనూ తిరగనివ్వండి. ఒకటి మెట్ల రెయిలింగ్‌కి వేసే స్టీలు పైపు. ఒకటి నీళ్ల లైనుకి వేసే జీఐ పైపు. మూడోది గోడలో కరెంటు వైర్లు లాగే పీవీసీ పైపు. మూడు షాపులకి వెళ్లి మూడుచోట్లా ఒకే మాట అడిగాను, "అంగుళం పైపు ఇవ్వండి" అని. ముగ్గురూ సరిగ్గానే ఇచ్చారు, ఎవరూ మోసం చెయ్యలేదు. కానీ సన్న కొలతలు తీసే వెర్నియర్ పెట్టి బయటి కొలత చూస్తే రెయిలింగ్ పైపు 25.4 మిల్లీమీటర్లు, జీఐ పైపు దాదాపు 33.7, కరెంటు పైపు 25. నీళ్లవాళ్లు లోపలి బోరుని బట్టి అంగుళం అంటారు. రెయిలింగ్‌వాళ్లు బయటి కొలత చెప్తారు. కరెంటువాళ్లకి 25 మిల్లీమీటర్లంటే అంగుళమే.

చెక్క మీద నమూనాలు చెక్కే సీఎన్‌సీ రౌటర్ యంత్రాన్ని ఇంట్లో కడదామని కూర్చున్నప్పుడు నాకు ఈ సంగతి తెలీదు. నేను ఇంజనీరింగ్ చదవలేదు. పగలంతా మోటార్లు వైండింగ్ చేసే మనిషిని. రాగి తీగ గేజీ చేత్తో పట్టుకుని చెప్పగలను గానీ పైపుల సంగతి నాకు కొత్త. నా పక్క షాపు వడ్రంగి బాబాయిది. తలుపుల మీద తామరపువ్వు చెక్కడానికి ఆయన రెండేసి రోజులు వంగి కూర్చునేవాడు. నడుం నొప్పితో సాయంత్రానికి లేవలేకపోయేవాడు. ఈ పని నేను మొదలుపెట్టింది ఆయన నడుం చూసి.

సీఎన్‌సీ అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తిరిగే బిట్టుని ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ మూడు దిక్కుల్లో అంకెల ప్రకారం నడిపించడం. అంతే. 1952లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఇలాంటి మొదటి యంత్రాన్ని చూపించినప్పుడు దాన్ని నడిపింది చిల్లులు పొడిచిన కాగితం టేపు. ఆ ఆలోచనకి మూలపురుషుడు జాన్ పార్సన్స్. ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసే పనిలో ఉన్నవాడు. అప్పట్లో ఆ యంత్రం కంట్రోల్ ఒక గది నిండేది. ఈరోజు అదే పని నా అరచేతిలో పట్టే ఆర్డుయినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు చేస్తోంది. అందులో నడిచే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్రుడ్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. కానీ బాబాయి షాపులో రోజూ ఆయన పని నడుస్తుంది.

నేను తీసుకున్న ప్లాన్ ఎంపీసీఎన్‌సీ, అంటే మోస్ట్‌లీ ప్రింటెడ్ సీఎన్‌సీ. ఎక్కువభాగం త్రీడీ ప్రింటర్ మీద అచ్చుతీసిన ముక్కలతో కట్టే యంత్రం కాబట్టి ఆ పేరు. రయాన్ జెల్లర్స్ అనే అమెరికన్ దాన్ని తయారుచేసి ఫైళ్లు పంచిపెట్టాడు. పైపులు, అచ్చు ముక్కలు, స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బేరింగులు, పళ్లుండే జీటీ2 బెల్టు, అడుగులు లెక్కపెట్టి తిరిగే నీమా 17 సైజు స్టెప్పర్ మోటార్లు అయిదు. ఎక్కడా వెల్డింగ్ అక్కర్లేదు, లేతు అక్కర్లేదు. మన ఊళ్లో దొరకని వస్తువు అందులో దాదాపు లేదు. ఇవన్నీ చూసే దాన్ని ఎంచుకున్నాను.

ఆ ప్లాన్‌లో అచ్చు ముక్కలు మూడు సైజుల్లో ఉంటాయి. 23.5, 25, 25.4 మిల్లీమీటర్ల పైపులకి వేరువేరుగా. మూడెందుకు? అమెరికావాళ్లు కరెంటు వైర్లకి వాడే ఇనుప పైపు ఉంది. దాన్ని వాళ్లు ముప్పావు అంగుళం పైపు అంటారు. దాని బయటి కొలత 23.4, 23.5 సైజు ముక్కలు దానికే. అక్కడా పేరొకటి, కొలతొకటి! ఇతర దేశాలవాళ్లకి ఆ పైపు దొరక్క మిగతా రెండు సైజులూ పుట్టాయి. నేను ఏం చేశానంటే, మనది మిల్లీమీటర్ల దేశం కదా అని 25 సైజు ముక్కలు అచ్చుతీశాను. పగలూ రాత్రీ కలిపి వారం రోజులు ప్రింటర్ తిరిగింది. తర్వాత పైపు కొన్నాను, మెట్ల రెయిలింగ్ పైపు. 0.4 మిల్లీమీటర్ తేడా ఎంతలే అని రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టాను. మూడో దెబ్బకి మూల ముక్క పొర వెంబడి చీలింది. త్రీడీ ప్రింటు చెక్కలాంటిదే, నార ఉన్న దిక్కున ఇట్టే చీలుతుంది.

వారం రోజుల పని పోయింది. ఆ రాత్రి నాకు నిజంగా ఏడుపొచ్చింది. పొద్దున్నే బాబాయి చీలిన ముక్క చూసి, "ముందు పైపు కొనాల్సింది రా, తర్వాత అచ్చు" అన్నాడు. వడ్రంగి ఎప్పుడూ అంతే చేస్తాడట. గడియ కొన్నాకే దానికి తగ్గట్టు చెక్క తొలుస్తాడు. బజారులో దొరికేదాన్ని చేత్తో కొలిచి, ఆ తర్వాతే ప్లాన్‌లో మార్చగలిగినదాన్ని మార్చాలి. మీరు ఏ ప్లాన్ తీసుకున్నా సరే, ముందు కొనాల్సింది వెర్నియర్. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంకో తప్పు చెప్తాను, ఇది లెక్కలది. డిప్లొమా పిల్లలు చేతిలో కాగితం ఉంటే వేసుకోండి. ఈ స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. మోటారుని నడిపే డ్రైవర్ అనే చిన్న బోర్డు ఒక్కో అడుగునీ పదహారు ముక్కలు చేస్తే చుట్టుకి 3200. జీటీ2 బెల్టు పళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు. ప్లాన్‌లో చెప్పిన పుల్లీకి 16 పళ్లు. అంటే ఒక చుట్టుకి బెల్టు 32 మిల్లీమీటర్లు జరుగుతుంది. 3200ని 32తో భాగిస్తే మిల్లీమీటరుకి 100 అడుగులు. సాఫ్ట్‌వేర్‌లో ఆ 100 రాసి ఉంటుంది. నాకు షాపులో 16 పళ్ల పుల్లీ దొరకలేదు, 20 పళ్లది ఇచ్చారు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి, బిగించేశాను. మొదటిసారి పెన్ను కట్టి 100 మిల్లీమీటర్ల చతురస్రం గియ్యమంటే అది 125 గీసింది. మూలలు సరిగ్గా ఉన్నాయి, గీతలు నిటారుగా ఉన్నాయి, సైజు మాత్రం పెద్దది. ఎందుకో మీరే చెప్పండి. అవును, 20 పళ్లంటే చుట్టుకి 40 మిల్లీమీటర్లు, కాబట్టి మిల్లీమీటరుకి 80 అడుగులే చాలు. నేనేమో 100 వేయిస్తున్నాను.

ఆ తప్పు నాకు చాలా నేర్పింది. అప్పటిదాకా 100 నాకు వట్టి అంకె, ఎవరో రాసినదాన్ని నేనూ రాశాను. ఆ రోజు నుంచి ప్లాన్‌లో ఏ అంకె కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి లెక్క కట్టుకుంటున్నాను. పైకీ కిందికీ నడిపే మరల కడ్డీకి చుట్టుకి 8 మిల్లీమీటర్ల పరుగు ఉంది, కాబట్టి 3200 బై 8, 400. ఇలా అన్నీ. లెక్క తెలిశాక వస్తువు మార్చడానికి భయం వెయ్యదు.

సైజు సంగతికి వస్తాను. ఇక్కడికి వచ్చేముందు ఇద్దరు ముగ్గురు అడిగారు, తలుపు మొత్తం పట్టేంత పెద్దది కట్టొచ్చా అని. ప్లాన్ ఇచ్చినవాళ్లు రెండడుగులకి రెండడుగులు దాటవద్దనే చెప్తారు. ఎత్తు వీలైనంత తగ్గించమంటారు. నేను వినలేదు. మందం దిమ్మ ఎప్పుడైనా పెట్టాల్సి వస్తుందేమోనని కాళ్లు పది అంగుళాలు పెట్టాను. టేకు మీద బిట్టు దిగగానే పైనున్న చట్రమంతా వణికింది. గుండ్రంగా రావాల్సిన గిన్నె కోడిగుడ్డులా వచ్చింది. కింద బిగించిన పైపుని పైన నెడితే ఎంత వంగుతుందో దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. పిల్లలూ, ఈ సూత్రం మీ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలో ఉంది. పరీక్షకి బట్టీ పడతారు. నేను దాన్ని హ్యాక్సా చేత్తో పట్టుకుని నేర్చుకున్నాను. పది అంగుళాల కాళ్లని అయిదు చేశాక అదే మోటారు, అదే బిట్టు, అదే టేకు. వణుకు పోయింది.

మీకు పెద్దది, గట్టిది కావాలంటే దానికి వేరే ప్లాన్లు ఉన్నాయి. పెట్టె పైపుల మీద లీనియర్ రెయిళ్లు, బాల్ స్క్రూలు పెట్టి కట్టే ప్రింట్‌ఎన్‌సీ లాంటివి. అవి అల్యూమినియం కూడా బాగా కోస్తాయి. ఖర్చు కూడా ఆ మేరకే ఉంటుంది. నాది దుమ్ము లాగే వ్యాక్యూమ్‌తో సహా ఇరవై వేల పైచిలుకు అయింది, చీలిన ముక్కల దండగ కాక.

ఇక మూల. యంత్రం కట్టడంలో నేను ఎక్కువ రోజులు గడిపింది దీని దగ్గరే. బల్ల మీద నాలుగు కాళ్లు పెట్టి మూలమట్టం ఆనించి సరిపోయిందనుకున్నాను. బాబాయి నవ్వి దారం తెచ్చాడు. ఈ మూల నుంచి ఆ మూలకి లాగి ముడివేశాడు, తర్వాత అదే దారం రెండో కర్ణం మీద పెట్టాడు. 3 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నప్పుడు రెండు కర్ణాలూ సమానమైతేనే అది సరైన చట్రం. 600 మిల్లీమీటర్ల చతురస్రంలో కర్ణాల తేడా 3 ఉంటే ఒక భుజం దాదాపు 2 మిల్లీమీటర్లు పక్కకి జరిగినట్టు. ఆ వంకరతో కోసిన డ్రాయర్ పలకలు నాలుగు ఒకచోట చేర్చి చూడండి, ఏ రెండూ కలవవు. గడపలు పెట్టే మేస్త్రీలకి, కిటికీలు బిగించే వడ్రంగులకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు తెలియదని సిగ్గుపడకుండా వాళ్లని పిలిచి నేర్చుకోండి. దారం లాగిన రోజే నా యంత్రం కుదురుకుంది.

చివర కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి పెద్దాయనా. ఇది వస్తే మా పని పోతుందా అంటున్నారు.

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దాన్ని తేలిగ్గా తీసెయ్యను. ఒకే నమూనా వంద ముక్కలు చెక్కే పని మాత్రం యంత్రానికే వెళ్తుంది, అది దాచి లాభం లేదు. కానీ బిట్టు గుండ్రటిది. 3 మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలని ఎప్పటికీ పదునుగా కొయ్యలేదు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వంపు మిగులుస్తుంది. ఆ మూల ఉలితో తియ్యాల్సిందే. నార ఎటు పోతోందో, ఎక్కడ ముడి ఉందో, ఏ వైపు నుంచి కోస్తే పెచ్చు లేస్తుందో యంత్రానికి తెలీదు. మా బాబాయి చెక్కని వేలితో తట్టి చెప్తాడు. ఇప్పుడు ఆయన రఫ్ అంతా యంత్రానికి ఇచ్చి, చివరి అరపూట ఉలి పట్టుకుంటాడు. ఆ అరపూటలోనే తామరపువ్వు రేకులకి ప్రాణం వస్తుంది. యంత్రం మీ చేతుల్లో ఉంటే మీ నడుం మిగులుతుంది. యంత్రం వేరేవాళ్ల చేతుల్లో ఉండి మీరు వాళ్ల దగ్గరికి కూలికి వెళ్తే పని పోయినట్టే. అందుకే మిమ్మల్ని కూడా పిలవమని ప్రిన్సిపాల్ గారిని పట్టుబట్టి అడిగాను.

తెలుగు అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి. మనదగ్గర మొదట వచ్చే ఆర్డరు నేమ్‌బోర్డే. మన లిపి గుండ్రం కాబట్టి గుండ్రటి బిట్టు దాని మీద హాయిగా నడుస్తుంది. మూలలు మిగిలే బెడద తక్కువ. కానీ చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైప్ చేస్తే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి వచ్చి పడతాయి. "లక్ష్మీ" అని కొడితే మూడు ముక్కలై కనిపిస్తుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి, అక్షరాలని గీతలుగా మార్చి, ఆ గీతలని పంపితే ఈ బాధ ఉండదు. రెండోది, అక్షరాన్ని ఆర్‌పార్ కోసి వెనక లైటు పెట్టే బోర్డులు ఉంటాయి కదా, అందులో సున్నా చుట్టూ కొయ్యగానే మధ్య బిళ్ల ఊడి కిందపడుతుంది. "ఠ" లో అయితే ఆ బిళ్లతో పాటే దాని మధ్యలో కోసిన చుక్క కూడా పోతుంది. ఇంగ్లిష్‌లో "ఓ"కి వాళ్లు పెట్టినట్టే మన సున్నాకి కూడా చిన్న వంతెన వదలాలి. ఎక్కడ వదిలితే కంటికి ఎబ్బెట్టుగా ఉండదో నేను చాలా బోర్డులు పాడుచేసి తెలుసుకున్నాను. కింద ఎడమవైపు వదలండి, చదివేటప్పుడు కన్ను అక్కడ ఆగదు.

కోత వేగం గురించి ఒక్క మాట. బిట్టుని తిప్పడానికి మన బజారులో దొరికే చిన్న ట్రిమ్మర్ చాలావరకు నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది. కొత్తవాళ్లు భయపడి యంత్రాన్ని మెల్లగా నడుపుతారు, నిమిషానికి 300 మిల్లీమీటర్లు. అప్పుడు ఒక పన్ను ఉన్న బిట్టు ఒక్కో చుట్టుకి కోసేది మిల్లీమీటరులో నూరోవంతు. అది కోత కాదు, రాపిడి. చెక్క నల్లబడుతుంది, కమురు వాసన వస్తుంది, బిట్టు నీలం తిరుగుతుంది. లోతు తగ్గించి వేగం పెంచండి. 800 పెట్టి, ఒక్కో పొరకి ఒక మిల్లీమీటరు లోతే దించండి. టేకులో అయితే బిట్టు పక్కన పొట్టు రావాలి. పిండిలా దుమ్ము రాలుతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కరెంటు సంగతి నాకు రోజూ చేసే పనే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. డ్రైవర్‌కి కరెంటు ఉండగా మోటారు వైరు పీకకండి, డ్రైవర్ ఆ క్షణమే పోవచ్చు. మోటారుకి ఆంపియర్లు ఎక్కువ ఇస్తే బలం వస్తుందని తిప్పకండి. అచ్చు ముక్కలు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌వి, దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. మన ఎండాకాలం రేకుల షెడ్డులో మోటారు వేడి తోడైతే దాని పట్టీ మైనంలా వంగుతుంది. మే నెలలో నా మోటారు ఒకటి అలాగే వాలిపోయింది. కరెంటు తగ్గించి, రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచాను.

అసలు భయపడాల్సింది నిప్పుకి. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయి బిట్టు ఒకేచోట తిరుగుతుంటే చెక్క రాజుకుంటుంది. ఆ నిప్పురవ్వ వ్యాక్యూమ్ సంచిలోకి పోతే అక్కడంతా పొడి దుమ్ము. పొగ వెంటనే కనిపించకపోవచ్చు, గంటల తర్వాత కనిపించొచ్చు. నాకు ఒకసారి రాత్రి షాపు మూసేముందు ఆ వాసన తగిలింది. సంచి విప్పితే అడుగున ఎర్రగా కణకణలాడుతోంది. తగలకపోయి ఉంటే బాబాయి షాపులోని టేకంతా పోయేది, నా షాపు పోయేది. అందుకే రెండు నియమాలు పెట్టుకున్నాను. యంత్రం తిరుగుతుంటే మనిషి పక్కనే ఉండాలి, టీకి కూడా వెళ్లకూడదు. రాత్రి సంచి ఖాళీ చేసి బయట నీళ్లు చల్లాకే ఇంటికి వెళ్లాలి. ఎర్ర బటన్ ఒకటి పెట్టండి. అది కంట్రోల్ బోర్డునే కాకుండా ట్రిమ్మర్ కరెంటుని కూడా ఆపేలా ఉండాలి. చాలా ప్లాన్లలో ఈ బటన్ చివరి పేజీలో ఎక్కడో ఉంటుంది. మీరు దాన్ని మొదట బిగించండి.

ప్లాన్ ఉచితంగా వచ్చింది కదా అని ఇష్టమొచ్చినట్టు వాడకండి. ఒక్కో ప్లాన్‌కి ఒక్కో షరతు ఉంటుంది. కొన్నిటిని అచ్చుతీసి అమ్మకూడదు, కొన్నిటిని మారిస్తే మార్పుని కూడా పంచాలి. చదవండి, పాటించండి. ఆ ప్లాన్ గీసినవాడు ఎన్ని మూలలు చీల్చుకుని ఆ కొలత దగ్గరికి చేరాడో నాకు ఇప్పుడు తెలుసు. నేను తిరిగి ఇవ్వగలిగింది చిన్నదే. భారతదేశంలో రెయిలింగ్ పైపు 25.4, ఆ సైజు ముక్కలే అచ్చుతియ్యండి, 20 పళ్ల పుల్లీ అయితే 80 రాయండి, ఎండాకాలం జాగ్రత్త అని ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ రాసిపెట్టాను. ఆ కాగితం జిరాక్సులు తలుపు దగ్గర ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. మీరు కట్టేటప్పుడు నేను పడని గోతిలో పడితే కింద ఖాళీ వదిలాను, అక్కడ రాసి తర్వాతివాళ్లకి ఇవ్వండి.

యంత్రం బయట వరండాలో ఉంది. చున్నీలు, తువ్వాళ్లు దోపుకుని రండి, చేతికి గ్లవ్స్ ఉంటే తీసెయ్యండి, కళ్లజోళ్లు బల్ల మీద పెట్టాను. ముందు ప్లైవుడ్ మీద 100 మిల్లీమీటర్ల వృత్తం కొయ్యమంటాను. కొయ్యగానే దాన్ని మీరు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఐమూలగా రెండుసార్లు కొలవాలి. ఆ మూడు పైపు ముక్కలతో పాటు వెర్నియర్ కూడా పంపాను. ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?